ఊర్లో ఆగిపోయిన చిరుతల రామాయణాన్ని మళ్లీ ఆడించడం ఎలా?

వరంగల్, కరీంనగర్ వైపు పల్లెల్లో నాటక సమాజం అంటే బోర్డు, ఆఫీసు ఉండే సంస్థ కాదు. పొద్దంతా పొలం పని చేసుకొని, రాత్రి తిన్నాక చేతుల్లో చిరుతలు, అంటే తాళం వేసే చెక్కలు, పట్టుకొని గుండ్రంగా తిరుగుతూ రామాయణం పాడే మనుషులే ఆ సమాజం. చిందు భాగోతం తరతరాలుగా దాన్నే వృత్తిగా బతికే కుటుంబాల కళ. చిరుతల రామాయణం అట్లా కాదు, ఊరివాళ్లే గురువును పెట్టుకొని నేర్చుకొని ఆడే ఆట. జీతం లేదు, టికెట్ లేదు. ఒక్క మనిషి మీద నడిస్తే ఆ మనిషితోనే ఆగిపోతుంది. ఆగిపోయిన ఊళ్లలో అడిగి చూడండి, గురువు పోయిండనో, రాముని వేషమేసేటాయన దుబాయ్ పోయిండనో చెప్తారు. కింద చెప్పేదంతా ఆ చిక్కు రాకుండా చూసుకోవడానికే.

ముందు నోట్‌బుక్కు వెతకండి

మనుషులను పోగేసే ముందు పాట దొరకాలి. పాత గురువు చేతిరాత పుస్తకం ఎవరింట్లోనో, దూలం మీదో, ట్రంకు పెట్టెలోనో ఉంటుంది. దొరకగానే మొదటి పని, ప్రతి పేజీని ఫోన్‌లో ఫొటో తీయడం. రెండో పని, అప్పట్లో వేషం కట్టిన పెద్దమనుషుల దగ్గర కూర్చొని పాడించుకొని రికార్డు చేయడం. పుస్తకంలో మాటలుంటాయి గానీ వరుస ఉండదు. ఏ దరువు (తాళానికి పాడే పాట) ఎట్లా ఎత్తుకోవాలో, ఎక్కడ వంత (వెనక అందరూ కలిసి పాడే పాట) అందుకోవాలో వాళ్ల గొంతులోనే ఉంటుంది. ఒకరు మరిచిన చరణం ఇంకొకరికి గుర్తొస్తుంది కాబట్టి ఇద్దరు ముగ్గురిని కలిపి కూర్చోబెట్టండి.

తర్వాత కంప్యూటర్‌లో పెద్ద అక్షరాలతో టైపు చేయించి కాపీలు తీయండి. పుస్తకాల్లో తప్పులు చాలా ఉంటాయి. ఒకరి చేతిరాత చూసి ఇంకొకరు రాసుకుంటూ వచ్చినవే అవన్నీ. అర్థం కాని మాటను సొంతంగా దిద్దకండి, పక్కన గీత గీసి గురువును అడగండి.

గురువును కుదుర్చుకోవడం

మీ ఊర్లో లేకపోతే చుట్టుపక్కల మండలాల్లో వాకబు చేయండి. భజన మండళ్లను, హార్మోనియం వాయించేవాళ్లను అడిగితే తొందరగా తెలుస్తుంది. చిందు కళాకారులు గురువుగా వస్తామంటే అంతకన్నా అదృష్టం లేదు. జనగామ జిల్లాకు చెందిన చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. ఆ స్థాయి విద్య మన చుట్టూనే ఉంది.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. ఆడేవాళ్లు ఊరికే ఆడొచ్చు గానీ గురువు ఊరికే నేర్పొద్దు. ఎన్ని రోజులు, ఎంత ఇస్తారు, ఉండేది ఎక్కడ, అన్నం ఎవరింట్లో అనేవి మొదటి రోజే అందరి ముందు మాట్లాడుకోండి. కులం చూసి ఆయనకు వేరే గ్లాసు, వేరే కుర్చీ పెట్టే ఊరైతే, ముందు ఆ సంగతి తేల్చుకొని తర్వాత రామాయణం మొదలుపెట్టడం మంచిది.

ఎప్పుడు నేర్చుకోవాలి, ఎప్పుడు ఆడాలి

క్యాలెండర్ కాదు, పంట చూడండి. వరి ఊరైతే యాసంగి నాట్లు అయిపోయాక, అంటే జనవరి చివర్లో, రిహార్సల్ మొదలుపెట్టొచ్చు. మిర్చి ఎక్కువ వేసే ఊర్లో ఫిబ్రవరి నుంచి ఏరడం మీద ఉంటారు, అక్కడ ఈ లెక్క కుదరదు. శ్రీరామనవమికే ఆడాలని పట్టుపడతారు కొందరు. ఆ రోజుల్లో పదో తరగతి పరీక్షలు, వరి కోతలు దగ్గరపడతాయి. నా మాట అడిగితే నవమి రోజు గుడి దగ్గర రెండు దరువులు పాడి, అసలు ఆట మే నెలకు పెట్టుకోండి. కాంటా (అమ్మకపు తూకం) కాని వడ్లు కుప్పల మీద ఉండగా ఎవ్వరూ ఆటకు రారు, వచ్చినా మనసంతా మబ్బుల మీదే ఉంటుంది. కాంటాలు అయిపోయాక, రోహిణి కార్తె రాకముందు దొరికే వారం పది రోజులే సరైన సమయం. అప్పుడు కూడా సాయంత్రం గాలిదుమారం లేస్తుంది, టెంటు గుంజలు లోతుగా పాతండి.

మొదటి ఏడాదే రామాయణం మొత్తం ఎత్తుకోవద్దు. ఒకప్పుడు రోజుల తరబడి, తెల్లవార్లూ ఆడేవాళ్లు. ఇప్పుడు సీతా కల్యాణం వరకు ఒక రాత్రి చాలు. మరుసటి ఏడు వనవాసం కలపండి. ఏడాదికొక రాత్రి పెంచుకుంటూ పోతే పట్టాభిషేకం దాకా చేరతారు, ఈలోపు చూసేవాళ్లకూ అలవాటు అవుతుంది.

ఒక్కో వేషానికి ఇద్దరు

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే, గొడవలొచ్చేదీ ఇక్కడే. ప్రతి పెద్ద వేషం ఇద్దరు నేర్చుకోవాలి. రాముడికి ఇద్దరు, రావణుడికి ఇద్దరు. ఒకరికి వీసా వస్తుంది, ఒకరింట్లో చావో పెళ్లో అవుతుంది, ఒకరికి గొంతు పోతుంది. రెండో మనిషిని "స్పేర్" అనకండి, ఎవ్వడూ రాడు. ఒక రాత్రి ఒకరు, ఇంకో రాత్రి ఇంకొకరు ఆడేలా పంచండి. ఒకే రాత్రి ఆట అయితే సగం దగ్గర మార్చండి. జనం మొదట నవ్వుతారు, తర్వాత ఎవరు బాగా పాడారని వాదించుకుంటారు. ఆ వాదన ఆటకు మంచిదే.

వేషాలు పంచేటప్పుడు మంచి గొంతు ఉన్నవాళ్లను అందరినీ రాజులుగా పెట్టడం మామూలుగా జరిగే పొరపాటు. వంతకు గట్టి గొంతులు లేకపోతే పాట కూలిపోతుంది. కనీసం ఇద్దరు మంచి పాటగాళ్లను వంతలోనే ఉంచండి. చందా ఎక్కువ ఇచ్చినాయన కొడుక్కు లక్ష్మణుడి వేషం ఇవ్వమంటే ఏం చేయాలి? "కాకా, గురువు పాడించి చూస్తడు, ఆయన మాటే మాట" అని నిర్ణయం గురువు మీద పెట్టేయండి. అందుకే గురువు బయటి ఊరాయన అయితే ఇంకా మంచిది.

వెనుకట సీత వేషం మగవాళ్లే కట్టేవాళ్లు. ఇప్పుడు ఆడవాళ్లను పిలవండి. బతుకమ్మ పాట ఎత్తుకొని ఊరంతటితో అందుకునేలా చేసే అక్కలు ప్రతి వాడలో ఉంటారు, వంత అంటే ఏంటో వాళ్లకు వేరే నేర్పనక్కర్లేదు. వాళ్లు రావాలంటే రిహార్సల్ రాత్రి తొమ్మిదికి కాదు, ఏడింటికే మొదలుకావాలి. వేషం మార్చుకోవడానికి గడియ ఉన్న గది కావాలి. ఈ రెండూ చేయకుండా "మా ఊరి ఆడోళ్లు రారు" అనడం న్యాయం కాదు.

పిల్లలను వానరసేనలో వేయండి. చూడటానికి అందం, పైగా పదేళ్లకు వాళ్లలోనే రాములు, హనుమంతులు తయారవుతారు.

రిహార్సల్

మొదటి రెండు వారాలు అడుగు, చిరుతల దెబ్బ మాత్రమే నేర్పించండి. కాళ్లు, చేతులు తాళానికి అలవాటయ్యాక పాట కలపాలి. తిరగేస్తే పాడేటప్పుడు చిరుతలు ఆగిపోతాయి. హార్మోనియం శ్రుతిని బాగా పాడేవాళ్లకు కాకుండా అందరిలో గొంతు తక్కువ లేచేవాళ్లకు సరిపోయేలా పెట్టండి. వారానికి ఐదు రాత్రులు, రోజుకు రెండు గంటలు చాలు. పొద్దున్నే నీళ్లు కట్టడానికి పోవాల్సినవాళ్లను అర్ధరాత్రి దాకా ఉంచితే నెల తిరిగేసరికి సగం మంది ఉండరు.

మైకు, కరెంటు, అనుమతులు

2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం లౌడ్‌స్పీకర్‌కు రాతపూర్వక అనుమతి కావాలి, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బహిరంగ ప్రదేశంలో వాడకూడదు. సాంస్కృతిక, మతపరమైన పండుగ సందర్భాల్లో రాష్ట్ర ప్రభుత్వం అర్ధరాత్రి 12 వరకు సడలింపు ఇవ్వొచ్చు, అదీ ఏడాదికి మొత్తం 15 రోజులు మించకుండా. అందుకని ఆరున్నరకు మొదలుపెట్టి పదింటికి ముగిసేలా ఆటను కుదించుకోండి. దరఖాస్తు వారం ముందే పోలీస్ స్టేషన్‌లో ఇవ్వండి, ఒక కాపీ గ్రామ పంచాయతీకి. కరెంటుకు తాత్కాలిక కనెక్షన్ తీసుకోండి. తీగకు కొండి తగిలించే అలవాటు ఎంత పాతదైనా, పిల్లలు తిరిగే చోట అది ప్రాణం మీదికి వస్తుంది.

ఎత్తు స్టేజీ అక్కర్లేదు. గుండ్రంగా తిరగడానికి ఇరవై అడుగుల చదును నేల ఉంటే చాలు, వడ్లు ఆరబోసిన కల్లం చక్కగా పనికొస్తుంది. మైకులు వంత పాడేవాళ్ల దగ్గర పెట్టండి, చిరుతలకు దగ్గరగా పెడితే వాటి చప్పుడు తప్ప ఇంకేం వినపడదు.

రంగు, కిరీటాలు

పాత పద్ధతిలో ముఖానికి అర్దళం పూసేవాళ్లు. అది ఆర్సెనిక్ కలిసిన ఖనిజం, వాడొద్దు. మేకప్ సామాన్ల దుకాణంలో దొరికే రంగులు కొనండి. ముందు పలుచగా కొబ్బరినూనె రాసి, పైన రంగు వేసి, చెమటకు కారకుండా పౌడర్ అద్దాలి. తీసేటప్పుడూ మొదట కొబ్బరినూనె, తర్వాతే సబ్బు. కిరీటాలు మొదటి ఏడు కిరాయికి తెచ్చుకోండి. అట్ట, జరీ కాగితంతో సొంతంగా చేసుకుంటే తేలిగ్గా ఉంటాయి, మూడు గంటలు ఎగిరే మనిషికి తేలికే ముఖ్యం. రావణుడి తలలకు చేర్యాల కళాకారులను అడగొచ్చు, రంపపు పొట్టు, చింతగింజల జిగురుతో వాళ్లు చేసే ముఖాలు బరువుండవు.

పైసలు

చందా ఇంటికింత అని పెట్టకండి, ఇచ్చినంత తీసుకోండి. ఆట రోజు కట్నాలు చదివిస్తారు, పేరు, మొత్తం అక్కడికక్కడే రాయడానికి ఒక మనిషిని కూర్చోబెట్టండి. ఆ మనిషికి వేషం ఇవ్వొద్దు. డబ్బు ఒకరి దగ్గర, పుస్తకం ఇంకొకరి దగ్గర ఉండాలి. రిజిస్ట్రేషన్‌కు తొందర లేదు. బ్యాంకు ఖాతా తెరవాలన్నా, భాషా సాంస్కృతిక శాఖ కార్యక్రమాలకు దరఖాస్తు పెట్టాలన్నా అప్పుడు సొసైటీగా నమోదు చేసుకోండి, కనీసం 7 మంది సభ్యులు కావాలి.

ఆట అయిన వారంలోపే గుడి దగ్గరో, పంచాయతీ దగ్గరో లెక్క చదవండి. గురువుకు ఇవ్వాల్సింది ఉంటే అందరికన్నా ముందు అది ఇచ్చేయండి. చిరుతలు, కిరీటాలు ఎలుకలు దూరని ఇనుప పెట్టెలో పెట్టి, రెండు తాళపుచెవులు ఇద్దరికివ్వండి. వచ్చే ఏడు ఏ వేషం ఎవరు నేర్చుకుంటారో అదే మీటింగ్‌లో రాసుకోండి. వానాకాలం నాట్లు మొదలయ్యాక అడిగితే ఎవరికీ తీరిక ఉండదు.