కుట్టు లైనులో పని కాలాన్ని కొలవడం: కొత్త ఇండస్ట్రియల్ ఇంజనీర్లకు

దుస్తుల కర్మాగారంలో ఇండస్ట్రియల్ ఇంజనీరుగా చేరినవారు ముందుగా నేర్చుకోవలసినది కాల అధ్యయనం, అంటే ఒక పనికి ఎంత సమయం పడుతుందో స్టాప్‌వాచ్‌తో కొలిచి లెక్కకట్టడం. మనుషులు, యంత్రాలు, సరుకు, సమయం ఒకదానికొకటి పొసగేలా పనిని అమర్చడమే ఈ ఉద్యోగం కనుక, కొలత తప్పితే దానిమీద కట్టిన ప్రణాళిక అంతా తప్పుతుంది. అచ్యుతాపురంలోని బ్రాండిక్స్ దుస్తుల తయారీ సముదాయం వంటి చోట్ల కుట్టు యంత్రాల ముందు కూర్చునేవారిలో అత్యధికులు మహిళలు. మీరు రాసే అంకె వారికి రోజువారీ టార్గెట్ అవుతుందని గుర్తుంచుకునే స్టాప్‌వాచ్ పట్టుకోవాలి.

ఎందుకు కొలుస్తున్నారో ఆపరేటరుకు (యంత్రంపై కుట్టే ఆమెకు), సూపర్‌వైజరుకు ముందే చెప్పండి. చాటుగా కొలవడం అన్యాయం, పైగా నిష్ప్రయోజనం. అనుమానంతో చేసే పనిలో సహజమైన వేగం కనిపించదు. తరువాత కాసేపు వాచీ లేకుండా చూడండి. కుట్టవలసిన ముక్కల కట్ట (బండిల్) ఏ వైపున ఉంది, ముక్కను అందుకోవడానికి ఆమె ఎంత వంగుతోంది, దారం ఎన్నిసార్లు తెగుతోంది అన్నవి గమనించి, పని పద్ధతిని మాటల్లో రాసుకోండి. పద్ధతి రాయని కాలానికి అర్థం లేదు.

ఇప్పుడు లెక్క. చొక్కాకు కాలరు అతికించే పనిని కనీసం పది, పదిహేనుసార్లు కొలిస్తే సగటు 40 సెకన్లు వచ్చిందనుకుందాం. ఆపరేటరు వేగం సాధారణ వేగంలో 90 శాతమని మీరు అంచనా వేస్తే, సాధారణ వేగంతో చేస్తే పట్టే కాలం, అంటే సాధారణ కాలం, 40లో 90 శాతం: 36 సెకన్లు. అలసటకు, వ్యక్తిగత అవసరాలకు, అనివార్యమైన ఆలస్యాలకు 15 శాతం కలిపితే, ప్రణాళికకు వాడే ప్రామాణిక కాలం 41.4 సెకన్లు. ఈ అదనాన్ని కోసివేయమని ఒత్తిడి రావచ్చు. అది దయతో ఇచ్చే విరామం కాదు, మనిషి రోజంతా పని చేయగలగడానికి కావలసిన సమయమని నిలబడి చెప్పగలగాలి.

భోజన విరామం పోగా 480 నిమిషాల షిఫ్టులో 720 చొక్కాలు కావాలంటే, ప్రతి 40 సెకన్లకు ఒకటి బయటికి రావాలి. లైనులో ఒక్కొక్కరు ఒక్కో పని చేసి చొక్కాను తరువాతివారికి అందిస్తారు కనుక, కాలరు దగ్గర 41.4 సెకన్లు పడుతున్నంత కాలం, మిగతావారు ఎంత వేగంగా కుట్టినా లైను నుంచి సుమారు 695 మాత్రమే వస్తాయి. అక్కడ కూర్చున్న ఆమెను తొందరపెట్టడం పరిష్కారం కాదు. కాలరు మధ్య గుర్తు పెట్టడానికి అందులో 5 సెకన్లు పోతుంటే, లైనులో ఆమెకు ముందు దశలో 33 సెకన్ల పని మాత్రమే ఉన్న ఆపరేటరుకు దాన్ని మార్చండి. అప్పుడు ఒకరికి 38, మరొకరికి 36.4 సెకన్లు అవుతాయి. ఇద్దరూ 40 లోపే ఉంటారు.

వందేళ్లకు పైగా క్రితం అమెరికాలో, పనిలోని కదలికలను అధ్యయనం చేసిన ఫ్రాంక్ గిల్‌బ్రెత్ తాపీపనిలో చేసినదీ ఇటువంటిదే. ఇటుకలు చేతికందే ఎత్తులో ఉండేలా పరంజాను అమర్చి, మేస్త్రీ ప్రతిసారీ వంగవలసిన అవసరాన్ని తప్పించాడు.

ఎక్సెల్, గణాంకశాస్త్రం, యంత్ర పరిజ్ఞానం, శరీర భంగిమల అవగాహన అన్నీ అవసరమే; అవి శ్రద్ధ ఉంటే వస్తాయి. వాటికన్నా అరుదైనది, ఆపరేటరు చెప్పే మాటను ఓపికగా వినే గుణం. ఆ పనిలో చేయి ఎక్కడ ఆగుతుందో ఆమెకే బాగా తెలుసు.

మార్పు చేసిన రోజే ఫలితాన్ని తేల్చకండి. కొత్త పద్ధతికి చేతులు అలవాటుపడ్డాక మళ్లీ కొలిచి, పాత కాలం, కొత్త కాలం, పద్ధతిలో మారినదేమిటో ఒకే పత్రంలో తేదీతో నమోదు చేయండి. కాలరు తీరు లేదా గుడ్డ రకం మారితే ఆ పత్రంలోని కాలం చెల్లదు, మళ్లీ కొలవాలి.