పిన్‌కోడ్ లోపలి లెక్క: 522002, 520001

ఆరంకెల సంఖ్యను కారణాంకాలుగా విడగొట్టడానికి కాగితం, పెన్సిలు, ఇరవై దాకా ఎక్కాలు చాలు. గుంటూరు బ్రాడీపేట పిన్‌కోడ్ 522002 తీసుకుందాం.

సరి సంఖ్య కాబట్టి 2 పోతుంది. అంకెల మొత్తం 11, అందుకని 3 పోదు. చివర 0 గానీ 5 గానీ లేదు, 5 కూడా పోదు. ఇక 7, 11, 13లతో విడివిడిగా భాగించే శ్రమ వద్దు. కుడివైపు నుంచి మూడేసి అంకెలు విడదీసి తీసివేయండి: 522 − 2 = 520. ఇందులో 13 నలభైసార్లు పోతుంది. 7, 11 పోవు. 522002కీ అదే వర్తిస్తుంది. 7×11×13 = 1001 కావడమే ఇందులో కిటుకు. ఈ మూడింటితో భాగిస్తే 1001కి శేషం సున్నా, అంటే వెయ్యి −1 కింద లెక్క, అందుకే తీసివేత. తొమ్మిది అంకెలుంటే కుడి నుంచి ఒక గుంపు కలపాలి, తర్వాతది తీసేయాలి, ఆ పైది కలపాలి.

తప్పు జరిగేది ఎక్కువగా ఇక్కడే. 5,22,002 అని లక్షల కామాలు పెట్టి, ఆ కామాల దగ్గరే విడగొడతారు. అలా చేస్తే లెక్క చెడుతుంది.

ఇప్పుడు భాగించండి: 2తో 261001, 13తో 20077, 17తో 1181. ఎక్కడ ఆగాలి? వర్గమూలం దాకా ఏ ప్రధాన సంఖ్యా పోకపోతే ఆ సంఖ్య ప్రధానమే, అక్కడ ఆగొచ్చు. మొదటి సంఖ్య వర్గమూలం 722 పైచిలుకు. కానీ అంతదూరం పోనక్కర్లేదు, మిగిలిన 1181 వర్గమూలం 34 పైచిలుకే. 17ను మరోసారి చూడండి, ఒకే కారణాంకం రెండుసార్లు ఉండొచ్చు. 17, 19, 23, 29, 31లకు శేషాలు 8, 3, 8, 21, 3. కాబట్టి 1181 ప్రధాన సంఖ్య.

522002 = 2×13×17×1181. నాలుగూ ఒక్కోసారే ఉన్నాయి గనక మొత్తం భాజకాలు 2×2×2×2 = 16.

విజయవాడ 520001 ఇంత తేలిగ్గా లొంగదు. 520 − 1 = 519; 7, 11, 13 మూడూ పోవు. 2 నుంచి 317 దాకా 66 ప్రధాన సంఖ్యలు విఫలమయ్యాక, 67వదైన 331 దగ్గర తెగుతుంది: 331×1571. అక్కడిదాకా ఓపిక పట్టనివాళ్లు దీన్ని ప్రధాన సంఖ్య అనేస్తారు.

కారణాంకాలు చేతికొచ్చాక అసలు అందం కనిపిస్తుంది. 522002ను రెండు వర్గాల మొత్తంగా రాయొచ్చు. 2×13×17 = 442 = 1² + 21²; 1181 = 5² + 34². రెండు వర్గాల మొత్తాలను గుణిస్తే మళ్లీ రెండు వర్గాల మొత్తమే వస్తుందనేది ప్రాచీన భారత గణితవేత్త బ్రహ్మగుప్తుడి సూత్రం, దానితో వీటిని గుణించండి: 21×34 − 1×5 = 709, 1×34 + 21×5 = 139. సరిచూసుకోండి: 502681 + 19321 = 522002. గుర్తులు తారుమారు చేస్తే 719, 71 వస్తాయి. 442నే 9² + 19²గా రాసి మొదలుపెడితే 601, 401 ఒక జత, 691, 211 మరో జత. మొత్తం నాలుగే విధాలు.

520001ని 4తో భాగిస్తే శేషం 1, కాబట్టి ఇదీ కుదురుతుందనిపిస్తుంది. కుదరదు. 331కీ 1571కీ 4తో శేషం 3. అలాంటి ప్రధాన సంఖ్య బేసిసార్లు ఉంటే చాలు, ఏ రెండు వర్గాలు కలిపినా ఆ సంఖ్య రాదు.