యూరియా బస్తా మీద 46 ఎక్కడిది? ఆవర్తన పట్టికతో లెక్క కట్టే పద్ధతి

సార్వా (ఖరీఫ్ వరి) నాట్లు పడ్డాక గోదావరి డెల్టాలో ఏ ఎరువుల కొట్టుకెళ్ళినా పోషకాల శాతం చెప్పే ఇవే అంకెలు కనిపిస్తాయి: యూరియా మీద 46, డీఏపీ (డై అమ్మోనియం ఫాస్ఫేట్) మీద 18-46, పొటాష్ మీద 60. ఈ అంకెల అర్థం ఆవర్తన పట్టికతో లెక్క కట్టి తెలుసుకోవచ్చు. హైస్కూలు సైన్సు పుస్తకంలో ఉండే పట్టిక, ఫోనులో క్యాలిక్యులేటర్ ఉంటే చాలు. మూలకం, పరమాణువు, సమ్మేళనం అన్న మాటలు బట్టీ పట్టేకన్నా ఒక్క బస్తా లెక్క సొంతంగా తేల్చుకుంటే ఎక్కువ కాలం గుర్తుంటాయి.

1. పట్టికలో గడి చదవండి

పట్టికలో 118 మూలకాలున్నాయి, ఒక్కోదానికి ఒక గడి. నత్రజని గడిలో 7 అని ఒకటి, 14.007 అని ఒకటి, రెండు సంఖ్యలుంటాయి. 7 పరమాణు సంఖ్య. అంటే ఆ పరమాణువు కేంద్రకంలో ఏడు ప్రోటాన్లున్నాయని. ఆరైతే అది కర్బనం, ఎనిమిదైతే ఆక్సిజన్. 14.007 పరమాణు భారం. తూకాల లెక్కకు కావలసింది ఇదే.

ఈ భారాలు సుమారుగా ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి: హైడ్రోజన్ 1, కర్బనం 12, నత్రజని 14, ఆక్సిజన్ 16, భాస్వరం 31, గంధకం 32, క్లోరిన్ 35.5, పొటాషియం 39.1, జింకు 65.4. క్లోరిన్‌కు ఆ అర ఎందుకంటే, ప్రకృతిలో క్లోరిన్ పరమాణువులు రెండు రకాలు. 35 భారమున్నవి సుమారు మూడు వంతులు, 37 భారమున్నవి ఒక వంతు. పట్టికలో ఇచ్చేది వాటి సగటు.

2. పరమాణువులు లెక్కపెట్టి తూకం వేయండి

యూరియా అణువులో ఒక కర్బనం, ఒక ఆక్సిజన్, రెండు నత్రజని, నాలుగు హైడ్రోజన్ పరమాణువులుంటాయి. 12, 16, 28, 4 కలిపితే 60. అందులో నత్రజని వాటా 28. ఇరవై ఎనిమిదిని అరవైతో భాగించి వందతో గుణిస్తే 46.67 శాతం వస్తుంది. కొద్దిపాటి తేమ, తయారీలో పుట్టే బైయూరెట్ అనే మరో పదార్థం ఉంటాయి కనుక బస్తా మీద 46 అని హామీ ఇస్తారు. బస్తా 45 కేజీలు, కాబట్టి అందులో నత్రజని 20.7 కేజీలు.

ఇక్కడే చాలామంది తప్పుతారు. భారాల బదులు పరమాణు సంఖ్యలు వేసి చూడండి: 6, 8, 14, 4 కలిపి 32. అందులో 14 అంటే 43.75 శాతం. జవాబు 46కి దగ్గరగానే ఉంటుంది గనుక తప్పని తట్టదు. కర్బనం, నత్రజని, ఆక్సిజన్ల భారం వాటి సంఖ్యకు దాదాపు రెట్టింపు. హైడ్రోజన్ ఒక్కటే అలా కాదు, దానికి సంఖ్యా ఒకటే, భారమూ ఒకటే. తేడా అంతా దాని వల్లే. దశాంశంతో ఉన్న సంఖ్యనే తీసుకుంటే ఈ పొరపాటు రాదు.

3. డీఏపీ, పొటాష్ అంకెల్ని విడదీయండి

డీఏపీ మీద 18 నత్రజని, 46 భాస్వరం అంటారు. ఆ 46 నిజానికి భాస్వరం కాదు, భాస్వరం ఆక్సైడ్ లెక్క. పూర్వం రసాయన శాస్త్రవేత్తలు నమూనాలోని మూలకాల్ని ఆక్సైడ్లుగా తూచి చూపేవారు, ఆ ఆనవాయితీ బస్తాల మీద అలాగే నిలిచిపోయింది. బస్తాలో ఆ ఆక్సైడ్ అసలుండదు.

రెండు భాస్వరం పరమాణువులు 62, ఐదు ఆక్సిజన్లు 80, మొత్తం 142. అందులో భాస్వరం 62, అంటే 44 శాతం. యాభై కేజీల డీఏపీ బస్తాలో ఆక్సైడ్ లెక్క 23 కేజీలైతే అసలు భాస్వరం పది కేజీలే. పొటాష్ కూడా ఇంతే. బస్తాలో ఉన్నది పొటాషియం క్లోరైడ్, 60 అని రాసేది పొటాషియం ఆక్సైడ్ లెక్కన. దాన్ని 0.83తో గుణిస్తే పొటాషియం వస్తుంది. భూసార పరీక్ష కార్డు మీదా సిఫార్సు ఆక్సైడ్ లెక్కలోనే ఉంటే మార్చే పని లేదు. ఒకటి ఆక్సైడ్‌లో, ఇంకొకటి మూలకంలో చూస్తే మాత్రం భాస్వరం మోతాదు సగానికి పైగా తప్పుతుంది.

4. అదే నత్రజని, వేరే బంధం: సున్నంతో చూడండి

పింగాణీ పళ్ళెంలో చెంచాడు డీఏపీ గుళికలు, అరచెంచా తడి సున్నం వేసి చెంచాతో నూరండి. కాసేపట్లో ముక్కు పుటాలు అదిరేంత ఘాటుగా అమ్మోనియా వాసన వస్తుంది. చేత్తో నలపకండి, సున్నం చర్మాన్ని కొరుకుతుంది. ఇంకో పళ్ళెంలో యూరియాతో ఇదే చేస్తే ఆ ఘాటు రాదు. డీఏపీలో నత్రజని అమ్మోనియం రూపంలో ఉంది, సున్నం తగలగానే అమ్మోనియా వాయువై లేచిపోతుంది. యూరియాలో నత్రజని కర్బనాన్ని పట్టుకుని ఉంటుంది, నేలలోని సూక్ష్మజీవుల ఎంజైము విడదీసేదాకా వదలదు. మూలకం ఒకటే అయినా సమ్మేళనం మారితే గుణం మారుతుంది. అమ్మోనియం ఎరువుల్ని సున్నంతో కలిపి చల్లొద్దనేది ఇందుకే.

చేలో నీళ్ళు నిలిచి ఉండగా యూరియా వేసినా నత్రజని పూర్తిగా దక్కదు. కొంత అమ్మోనియాగా, కొంత నత్రజని వాయువుగా గాలిలో కలుస్తుంది. నీరు తీసి, బురద పదునులో చల్లి, 36 నుంచి 48 గంటలాగి పలుచగా నీరు పెట్టమనడానికి కారణం ఇదే.

5. జింకు సల్ఫేట్ కొనే ముందు నీటిని లెక్కించండి

దాళ్వాలో (రబీ వరిలో) జింకు లోపం ఎక్కువగా చూస్తాం. కొట్లో జింకు సల్ఫేట్ రెండు రకాలు దొరుకుతుంది: 21 శాతం, 33 శాతం. తేడా స్ఫటికంలోని నీటిది. మొదటి రకంలో ఒక్కో జింకు సల్ఫేట్‌కు ఏడు నీటి అణువులు అంటి ఉంటాయి. జింకు 65.4, గంధకం 32, నాలుగు ఆక్సిజన్లకు 64, ఏడు నీళ్ళకు 126, మొత్తం 287.4. జింకు 22.8 శాతం. రెండో రకంలో నీటి అణువు ఒక్కటే, మొత్తం 179.4, జింకు 36.5 శాతం. బస్తా మీది హామీలు వీటికి కాస్త తక్కువగా ఉంటాయి.

ఎకరాకు 20 కేజీలన్న సిఫార్సు 21 శాతం రకానిది, అంటే జింకు 4.2 కేజీలు. 33 శాతం రకమైతే 12.7 కేజీలు చాలు. ధర పోల్చేటప్పుడు బస్తా ధర కాదు, కేజీ జింకు ఎంత పడుతోందో చూడాలి. దీన్ని డీఏపీతో మాత్రం కలపకండి, కరగని జింకు ఫాస్ఫేట్‌గా మారి వేళ్ళకు అందదు.

6. ఇప్పుడు మీ చేను లెక్క

ఉదాహరణకు ఎకరాకు 24 కేజీల నత్రజని వేయమన్నారనుకుందాం. దమ్ములో (నాట్లకు ముందు బురద దున్నేటప్పుడు) ఒక బస్తా డీఏపీ వేశారు, దానితో 9 కేజీలు వచ్చాయి. ఇంకా 15 కావాలి. పదిహేనును 0.46తో భాగిస్తే 32.6, అంటే 33 కేజీల యూరియా. నిండు బస్తా వేస్తే యూరియా 12 కేజీలు ఎక్కువైనట్టే. నత్రజని మితిమీరితే పైరు పచ్చగా ఏపుగా కనిపిస్తుంది, కానీ పైరు రసం పీల్చే దోమ, అగ్గి తెగులు ఎక్కువవుతాయి, గాలివానకు పడిపోతుంది.