మబ్బు వెలుగులో తెల్లకొంగ: నా అనుభవం

ముసురు పట్టిన ఉదయాన నీటిలో నిలబడిన తెల్లకొంగను ఫొటో తీసినప్పుడల్లా, దాని మెడ మీది సన్నని ఈకలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి సున్నం పూసినట్టు కనిపించేవి. లోపం లెన్సుదేనని చాలాకాలం అనుకున్నాను. నిజానికి ఫ్రేములో ఎక్కువ భాగం నల్లని నీరే ఉండటంతో, కెమెరా ఆ నలుపును మధ్యస్థమైన బూడిద రంగుకు తీసుకురావాలని ఎక్స్‌పోజర్‌ను, అంటే ఫొటో వెలుగును, పెంచేసేది. ఆ పెంపుకు తెలుపు బలైపోయేది. కెమెరా ఎంచుకున్న ఎక్స్‌పోజర్‌ను మనం తగ్గించే, పెంచే అమరికైన కాంపెన్సేషన్‌ను మైనస్ 1కి దించి, సెన్సర్ పట్టిన వివరాలను కుదించకుండా దాచే రా ఫార్మాట్‌లో తీయగానే ఒక్కొక్క ఈక విడివిడిగా, ముక్కు కొన నుంచి జారబోతున్న నీటిబొట్టుతో సహా దక్కింది. అదే కొంగ మబ్బుపట్టిన ఆకాశంలోకి లేస్తే లెక్క తలకిందులవుతుంది: అప్పుడు ప్లస్ 1, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువ పెట్టకపోతే పక్షి నల్లని నీడగా మిగులుతుంది. ఎగిరేటప్పుడు రెక్కలు చెదరకుండా షట్టర్ వేగాన్ని సెకనులో 1/1600వ వంతు వద్ద ఉంచి, గ్రెయిన్‌కు (ఫొటోలో కనిపించే చుక్కల గరుకుదనానికి) వెరవకుండా ఐఎస్ఓను (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయిని) 3200 దాకా పోనిస్తున్నాను.