విదేశంలో కాస్మెటిక్ సర్జరీ: ఖర్చూ ముప్పూ ముందే లెక్క కట్టుకోవడం ఎలా?

మా బావమరిదికి గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. టిక్కీ (మిర్చి బస్తా) పైన కాయ ఎంత ఎర్రగా మెరుస్తున్నా, చెయ్యి అడుగుదాకా పోనిచ్చి నాలుగు కాయలు తీసి చూడందే ధర పలకడు. పైన మంచి సరుకు పోసి అడుగున తాలు నింపేవాళ్ళని ముప్పయ్యేళ్ళుగా చూస్తున్నాడు. అంతటి మనిషి, కూతురి ముక్కు సర్జరీకి బ్యాంకాక్ నుంచి వాట్సాప్‌లో ప్యాకేజీ రాగానే "ఇంతేనా? పర్లేదే!" అనేశాడు.

అమ్మాయి బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తోంది. సంబంధం కుదిరింది, పెళ్ళి మాఘమాసంలో. "మామయ్యా, హోటలూ, ఎయిర్‌పోర్టు పికప్పూ అన్నీ అందులోనే" అంది. "బాగానే ఉందమ్మా. ఇంటికొచ్చాక పదో రోజు రాత్రి ముక్కులోంచి రక్తం కారితే గుంటూరులో ఎవరి దగ్గరికి వెళ్తావు?" అన్నాను. సమాధానం లేదు. నేను బ్యాంకులో ఫారెక్స్ (విదేశీ మారకం) పని చూసి రిటైరైనవాణ్ణి, వైద్యం నాకు తెలియదు. తెలిసిందల్లా కాగితం మీద లెక్క వెయ్యడం. బ్రాడీపేటలో మా ఇంట్లో ఆ సాయంత్రం మేం ముగ్గురం కూర్చుని వేసిన లెక్క వరస ఇదీ.

1. విదేశమే ఎందుకో ఒక వాక్యంలో రాయండి

రాయడానికి కూర్చుంటే నిజం బయటికొస్తుంది. "తక్కువ ఖర్చు" అని రాసిందనుకోండి, అది మనకంటే అమెరికావాళ్ళకి ఎక్కువ వర్తించే మాట. అక్కడి మనవాళ్ళే సెలవులకొచ్చి జుట్టు నాటించుకునేది, పళ్ళు కట్టించుకునేది ఇక్కడ. "నలుగురికీ తెలియకూడదు" అని రాస్తే, హైదరాబాదో చెన్నైయో వెళ్ళినా ఆ పని అవుతుంది. "ఫలానా డాక్టర్ ఈ ఒక్క పనిలో చెయ్యి తిరిగినవాడు" అని రాయగలిగితే ముందుకు వెళ్ళండి. మా అమ్మాయి "ఇన్‌స్టాలో ఫోటోలు బాగున్నాయి" అని రాసి, తనే కొట్టేసింది.

2. ఇక్కడి ధర తెలుసుకోకుండా అక్కడి ధర చూడకండి

విజయవాడ సూర్యారావుపేటలోనో, గుంటూరు కొత్తపేటలోనో ప్లాస్టిక్ సర్జన్‌ని ఇద్దరిని కలవండి. ఫోన్‌లో కాదు, ఎదురుగా కూర్చుని. కన్సల్టేషన్ ఫీజు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే చవక ఖర్చు. బోర్డు మీద ఏముందన్నది కాకుండా డిగ్రీ చూడండి: ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ లేదా డీఎన్‌బీ. జుట్టు మార్పిడి లాంటివి ఎవరు చెయ్యాలో చెబుతూ 2022లో నేషనల్ మెడికల్ కమిషన్ సూచనలిచ్చింది. వర్క్‌షాపులోనో యూట్యూబులోనో చూసి నేర్చుకున్నది శిక్షణ కిందికి రాదని అందులో విడిగా రాయాల్సి వచ్చిందంటే పరిస్థితి అర్థం చేసుకోండి. పేరు మెడికల్ కౌన్సిల్ రిజిస్టర్‌లో ఉందో లేదో చూసుకోవచ్చు.

ఎస్టిమేట్ రాతలో అడగండి. మామూలు వైద్యానికి ఉన్న జీఎస్టీ మినహాయింపు అందం కోసం చేయించుకునే సర్జరీకి లేదు. దెబ్బ తగిలినదో, పుట్టుకతో వచ్చిన లోపమో సరిచేయడమైతే ఉంటుంది. చాలామంది పన్ను లేని ధర చెప్పి బిల్లులో కలుపుతారు. అక్కడి ప్యాకేజీతో పోల్చేటప్పుడు పన్నుతో కలిపిన అంకె వేసుకోండి.

3. ప్యాకేజీ ధర కింద గీత గీసి, మిగతావి రాయండి

మాకు ఎక్కువసేపు పట్టింది ఇక్కడే. వాళ్ళు పంపిన అంకె కాగితం పైన ఒక్క వరసే ఆక్రమించింది. దాని కింద పద్నాలుగు వరసలు వచ్చాయి.

మొదటిది తోడు వెళ్ళే మనిషి. మత్తు ఇచ్చి చేసే సర్జరీకి ఒంటరిగా వెళ్ళకూడదు. అంటే రెండు టికెట్లు, రెండు భోజనాలు, తోడొచ్చినవారి సెలవులు. మీకు జీతం కోత పడే సెలవైతే అదీ ఖర్చే. గుంటూరు నుంచి శంషాబాద్ దాకా రానూపోనూ టాక్సీ. సర్జరీకి ముందు పరీక్షలు ప్యాకేజీలో ఉన్నాయా, రిపోర్టులో తేడా వచ్చి డాక్టర్ "ఇప్పుడు చెయ్యను" అంటే అడ్వాన్సు తిరిగిస్తారా? టికెట్ తేదీ మార్చుకోగలిగే రకమేనా? ప్యాకేజీలో హోటల్ నాలుగు రాత్రులుంటే, డాక్టర్ పది రోజులు విమానం ఎక్కొద్దంటే మిగతా ఆరు రాత్రులు ఎవరివి? మందులు, పట్టీలు, లైపోసక్షన్ (ఒంట్లో కొవ్వు తీసే సర్జరీ) అయితే వారాల తరబడి వేసుకునే బిగుతు బట్టలు, ఇవన్నీ విడి.

డబ్బు పంపడంలోనూ ఖర్చుంది. కార్డు గీస్తే బ్యాంకు కరెన్సీ మార్పిడి మీద కొంత శాతం, దాని మీద జీఎస్టీ వేసుకుంటుంది. బ్యాంకు ద్వారా పంపితే రిజర్వ్ బ్యాంక్ ఎల్ఆర్ఎస్ (విదేశాలకి డబ్బు పంపుకునే పథకం) కింద ఏడాదికి 2,50,000 డాలర్ల దాకా పంపొచ్చు. ఆ ఆర్థిక సంవత్సరంలో పంపినదంతా కలిపి 10 లక్షల రూపాయలు దాటితే, దాటిన మొత్తం మీద టీసీఎస్ (బ్యాంకు ముందే వసూలు చేసే ఆదాయపు పన్ను) పట్టుకుంటారు. రిటర్న్ వేసినప్పుడు అది సర్దుబాటు అవుతుంది, కానీ అప్పటిదాకా డబ్బు చేతిలో ఉండదు. ఫారంలో కారణం ఉన్నదున్నట్టు రాయండి. ఎవరో ఏజెంట్ "నా పర్సనల్ ఖాతాకి వెయ్యండి" అంటే మాత్రం అక్కడితో ఆపేయండి. నా ఉద్యోగంలో ఆ మాట విన్న ఏ కథా బాగా ముగియలేదు.

ఇప్పుడు పక్కన నిలువుగా రెండో వరస వెయ్యండి: "తేడా వస్తే". ముక్కు సర్జరీలో కొంతమందికి రెండోసారి సరిచేయాల్సి వస్తుంది. వాపు పూర్తిగా దిగి అసలు ఆకారం తేలడానికి ఏడాది పడుతుంది కాబట్టి రెండో సర్జరీ సాధారణంగా ఆ తర్వాతే. "రివిజన్ ఉచితం" అని వాళ్ళు రాసినా ఉచితమయ్యేది కత్తి ఒక్కటే. టికెట్లు, హోటల్, సెలవులు మళ్ళీ మీవే. ఇన్సూరెన్స్ ఉందిగా అనుకోకండి. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత సరిచేసేవి తప్ప, రూపం మార్చుకునే సర్జరీలు మన ఆరోగ్య బీమా పాలసీల మినహాయింపుల్లో ఉంటాయి. ట్రావెల్ ఇన్సూరెన్స్ కూడా అనుకోకుండా వచ్చే జబ్బుకే గానీ మనం అనుకుని వెళ్ళిన సర్జరీకి కాదు.

రెండో వరస మొత్తం ఈరోజు మీ దగ్గర విడిగా లేకపోతే, మొదటి వరస ఎంత తక్కువగా ఉన్నా మీ స్తోమతకి మించినట్టే లెక్క.

4. కత్తి పట్టేది ఎవరో పేరుతో సహా తెలుసుకోండి

వాట్సాప్‌లో మీతో మాట్లాడే "కోఆర్డినేటర్" డాక్టర్ కాదు. చాలాచోట్ల కమీషన్ మీద పనిచేసే మనిషి. యార్డులో కమీషన్ తప్పేం కాదు, కానీ అక్కడ రైతుకీ, కొనేవాడికీ అది తెలిసే ఉంటుంది.

ఆస్పత్రికి జేసీఐ (ఆస్పత్రుల ప్రమాణాలు చూసే అంతర్జాతీయ సంస్థ) గుర్తింపు ఉందంటే శుభ్రత, రికార్డులు, పద్ధతులు తనిఖీ అయ్యాయని అర్థం. బ్యాంకాక్‌లోని బుమ్రున్‌గ్రాద్ ఆస్పత్రికి 2002లోనే ఆ గుర్తింపు వచ్చింది. కానీ అది ఆస్పత్రికి ఇచ్చేది, మీ సర్జన్ చేతికి ఇచ్చేది కాదు. థాయ్‌లాండ్‌లో డాక్టర్ పేరు అక్కడి మెడికల్ కౌన్సిల్‌లో వెతుక్కోవచ్చు. టర్కీలో విదేశీయులకి వైద్యం చేయాలంటే ఆరోగ్యశాఖ ఇచ్చే హెల్త్ టూరిజం అనుమతి పత్రం ఉండాలి, అది అడగండి. అక్కడ జుట్టు మార్పిడిలో బోర్డు మీద పేరు డాక్టర్‌ది, గదిలో పని టెక్నీషియన్లది అన్న ఫిర్యాదు పాతదే. దక్షిణ కొరియాలో పేరున్న సర్జన్ పలకరించి వెళ్ళి, మత్తులోకి జారుకున్నాక ఇంకొకరు కోసిన కేసులు ఎన్ని బయటపడ్డాయంటే, స్పృహ లేని రోగికి చేసే సర్జరీ గదిలో సీసీ కెమెరా ఉండాలని 2021లో చట్టమే చేశారు. 2023 సెప్టెంబర్ నుంచి అమల్లో ఉంది. కాకపోతే రికార్డు చేయమని రోగో, వెంట వచ్చినవారో అడగాలి. సియోల్ వెళ్ళేవాళ్ళు ముందే రాసి అడగండి.

మా అమ్మాయి చేత పంపించిన ప్రశ్నలు ఇవి:

- సర్జన్ పూర్తి పేరు, లైసెన్సు నంబరు ఏమిటి? మొదటినుంచి చివరిదాకా ఆయనే చేస్తారా?
- మత్తు ఇచ్చే డాక్టర్ ఎవరు? సర్జరీ అంతసేపూ గదిలో ఉంటారా?
- ముక్కులో ఏం పెడతారు, సిలికాన్ ఇంప్లాంటా, నా కార్టిలేజేనా (మెత్తటి ఎముక)?
- ఊపిరికి ఇబ్బందైతే చేర్చడానికి ఐసీయూ అదే భవనంలో ఉందా?
- సర్జరీ అయిన ఆర్నెల్లకి తీసిన ఫోటోలు, నాలాంటి ముక్కువి, ఉన్నాయా?

మూడో ప్రశ్న ఊరికే అడగలేదు. తూర్పు ఆసియాలో ముక్కు ఎత్తు పెంచే సర్జరీలు ఎక్కువ. మా అమ్మాయికి కావల్సింది దూలం మీది గూని తగ్గించడం. రెండూ ముక్కే గానీ పని వేరు.

గంటలో జవాబొచ్చింది, ఒక్క ప్రశ్నకి కూడా కాదు: "ఈ వారంలో బుక్ చేస్తే పది శాతం తగ్గింపు." బావమరిదికి చూపిస్తే ఫోన్ వెనక్కిచ్చి, "టిక్కీ విప్పమంటే రేటు తగ్గిస్తున్నాడు" అన్నాడు. అప్పటినుంచి లెక్కలో ఆయనే నాకంటే చురుకు.

5. ముప్పుల్ని మీ శరీరానికి, మీ సర్జరీకి అన్వయించుకోండి

అన్ని సర్జరీల ముప్పూ ఒకటి కాదు. జుట్టు మార్పిడిలో ఎక్కువ భయం, తల వెనకవైపు నుంచి జుట్టు అడ్డగోలుగా తీసేసి మళ్ళీ నాటడానికి విత్తనం లేకుండా చేయడం. లైపోసక్షన్‌లో ఒకేసారి అయిదు లీటర్లు దాటి తీయడాన్ని పెద్ద మోతాదుగా లెక్కేస్తారు. పిరుదుల్లో కొవ్వు ఎక్కించే సర్జరీలో ఆ కొవ్వు రక్తనాళంలోకి పోయి ఊపిరితిత్తుల్లో ఇరుక్కుంటే ప్రాణం పోతుంది. 2018లో బ్రిటన్ ప్లాస్టిక్ సర్జన్ల సంఘం తమ సభ్యుల్ని అది చెయ్యవద్దని కోరింది. "ఎలాగూ వచ్చారు కదా" అంటూ మూడు సర్జరీలు ఒకే రోజు కట్టే కాంబో ప్యాకేజీ వద్దు. టేబుల్ మీద ఉండే గంటలు పెరిగేకొద్దీ ముప్పు పెరుగుతుంది.

ఇన్ఫెక్షన్ సంగతి. కొన్ని మైకోబాక్టీరియా జాతులు కుట్లు మానిన వారాల తర్వాత గడ్డలుగా బయటపడతాయి, మామూలు యాంటీబయాటిక్‌కి లొంగవు. 2023లో మెక్సికోలోని మాటమోరోస్‌లో వెన్నులో మత్తు ఇచ్చి కాస్మెటిక్ సర్జరీలు చేసిన రెండు క్లినిక్‌ల నుంచి ఫంగస్ మెనింజైటిస్ (మెదడు, వెన్నుపాము పొరలకి వచ్చే ఇన్ఫెక్షన్) పాకింది. అమెరికా నుంచి వెళ్ళినవాళ్ళలో పదిమందికి పైగా చనిపోయారు. పరాయి దేశాన్ని అనడం తేలికే. 2010లో బ్రిటన్ రోగుల్లో మందులకి లొంగని ఎన్‌డీఎమ్-1 రకం బాక్టీరియా బయటపడినప్పుడు, వాళ్ళలో కొందరు కాస్మెటిక్ సర్జరీకి వెళ్ళొచ్చింది మన దేశానికే. ఊరు మారితే అక్కడి సూక్ష్మజీవులూ మారతాయి. తిరిగొచ్చాక ఏ జ్వరానికి డాక్టర్ దగ్గరికి వెళ్ళినా "ఫలానా దేశంలో సర్జరీ అయింది" అని మొదటి మాటగా చెప్పాలి.

రక్తం గడ్డకట్టడం ఇంకోటి. కాళ్ళు కదపకుండా నాలుగు గంటలు దాటి కూర్చుంటే, విమానమైనా కారైనా ఈ ముప్పు పెరుగుతుంది. సర్జరీ దాన్ని ఇంకా పెంచుతుంది. ముఖం, కనురెప్పలు, ముక్కు సర్జరీల తర్వాత 7 నుంచి 10 రోజులు, ఛాతీ, పొట్ట సర్జరీల తర్వాత కనీసం 10 రోజులు విమానం ఎక్కవద్దని అమెరికా ఆరోగ్య అధికారుల సలహా. బ్యాంకాక్ దగ్గరే కదా అనుకోకండి. శంషాబాద్‌లో దిగి గుంటూరు దాకా కారులో మళ్ళీ అయిదారు గంటలు. మధ్యలో రెండుసార్లయినా దిగి నడవాలి. పిక్కలో ఒకవైపే నొప్పి, వాపు, లేదా ఉన్నట్టుండి ఆయాసం వస్తే తెల్లారేదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి.

6. వెళ్ళేముందే ఇక్కడ ఒక డాక్టర్‌ని ఒప్పించండి

వేరేవాళ్ళు చేసిన సర్జరీలో చెయ్యి పెట్టడానికి చాలామంది సర్జన్లు వెనకాడతారు. లోపల ఏం చేశారో తెలియదు, రేపు మాట తమ మీదికి వస్తుంది. వాళ్ళ భయం న్యాయమైనదే. అందుకే రెండో అడుగులో కలిసిన డాక్టర్‌నే "తిరిగొచ్చాక మీరు చూస్తారా?" అని అడగండి. ఆయన అడిగేవి ఇవి: ఆపరేషన్ నోట్స్, మత్తు చార్టు, ఇంప్లాంట్ మీది స్టిక్కరు, డిశ్చార్జి సమ్మరీ, అన్నీ ఇంగ్లిష్‌లో. విమానం ఎక్కేముందే చేతికి తీసుకోండి. ఇంటికొచ్చి మెయిల్ పెడితే కోఆర్డినేటర్ దొరకడు.

మన ఊరి సంగతులు అక్కడి డాక్టర్‌కి తెలియవు, మీరే అడగాలి. రోహిణి కార్తె ఎండలో కొత్త మచ్చ నల్లబడిపోతుంది, కాబట్టి ఎండాకాలం ముందు చేయించుకోవద్దు. ముక్కు సర్జరీ తర్వాత కొన్ని వారాలు కళ్ళజోడు ముక్కు మీద ఆనకూడదు. ముక్కుపుడక ఎప్పుడు పెట్టుకోవచ్చో అడగమంటే మా అమ్మాయి నవ్వింది గానీ, పీటల మీద కూర్చునేది తనే కదా. జుట్టు నాటించుకునేవాళ్ళు హెల్మెట్ గురించి అడగండి. తిరుపతి మొక్కు బాకీ ఉంటే ముందే తీర్చేసుకోండి.

7. గొడవైతే ఎక్కడికి వెళ్తారో చూసుకోండి

ఇక్కడైతే దారి ఉంది. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లో వి.పి.శాంత కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళొచ్చు, విజయవాడలోని ఏపీ మెడికల్ కౌన్సిల్‌కి డాక్టర్ మీద ఫిర్యాదు చేయొచ్చు. అక్కడ జరిగినదానికి వాళ్ళ చట్టం, వాళ్ళ భాష, వాళ్ళ లాయరు. మీరు సంతకం పెట్టిన కాగితంలో ఏ దేశపు కోర్టు అని ఒక వరస ఉంటుంది. సంతకానికి ముందు ఆ వరస చదవండి.

మా కాగితం చివర మొత్తాలు వేసేసరికి ప్యాకేజీ అంకెకి రెట్టింపు దాటింది, అదీ "తేడా వస్తే" వరస కలపకుండా. మాఘమాసానికి ఉన్నది మూడు నెలలే, అప్పటికి వాపు పూర్తిగా దిగదు. అమ్మాయి బ్యాంకాక్‌ని పూర్తిగా కొట్టేయలేదు, పెళ్ళయ్యాక చూద్దామంది. సూర్యారావుపేటలో రెండో డాక్టర్ అపాయింట్‌మెంట్ వచ్చే గురువారం. ఐదు ప్రశ్నల కాగితం ఆయన కోసం మళ్ళీ ప్రింటు తీయించింది.