ఏటీవీ ఎక్కేటప్పుడు కుడి బొటనవేలు జాగ్రత్త

సెలవుల్లో రిసార్టులకు వెళ్లి ఏటీవీ (ఆల్ టెరైన్ వెహికల్, అంటే ఎగుడుదిగుడు నేల మీద నడిపే నాలుగు చక్రాల బండి) నడపాలని సరదా పడేవారికి ఒక మాట. బైకుకు ఉన్నట్టు దీనికి తిప్పే యాక్సిలరేటర్ సాధారణంగా ఉండదు. చాలా బండ్లలో కుడి హ్యాండిల్ దగ్గర బొటనవేలితో నొక్కే చిన్న మీట ఉంటుంది. ఇంజన్ నడుస్తుండగా ఆసరా కోసం ఆ హ్యాండిల్ పట్టుకుని పైకి లేచారంటే, తెలియకుండానే వేలు మీట మీద పడుతుంది. గేరులో ఉన్న బండి ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. అందుకే ఎక్కినా దిగినా ఇంజన్ ఆపి, పార్కింగ్ బ్రేకు వేసి ఉండాలి. వెనక క్యూలో ఎవరు తొందరపెట్టినా సరే.

ఎడమవైపు నుంచి ఎక్కండి. ఎడమ చేత్తో బ్రేకు మీట బిగించి, ఎడమ పాదం ఫుట్‌రెస్ట్‌పై ఆనించి, కుడి కాలు సీటు మీదుగా అవతలికి వేయాలి. చక్రాన్ని మెట్టులా వాడకండి, అది కదిలితే కింద పడతారు. వాలులో దిగాల్సి వస్తే ఎగువవైపే దిగండి. బండి దొర్లితే దిగువకే దొర్లుతుంది.

బైకు అలవాటున్నవారికి ఇంకో ప్రమాదం ఉంది. బండి కాస్త ఒరగగానే కాలు నేలకు ఆనిస్తారు. ఏటీవీపై అలా చేస్తే వెనక చక్రం పాదం మీదికి ఎక్కవచ్చు. బండి పూర్తిగా ఆగేవరకు రెండు పాదాలూ ఫుట్‌రెస్ట్‌ల మీదే ఉంచండి. చున్నీ, చీరకొంగు ముందే బిగించి కట్టుకోండి. చెప్పులతో మాత్రం అసలు ఎక్కవద్దు.