లీనియర్ గైడ్ జర్క్ ఇస్తుంటే నాకు పనిచేసిన పద్ధతి (నా అనుభవం)

విజయవాడలో ఇంట్లోనే కట్టుకున్న చిన్న మిల్లింగ్ మిషన్ (లోహాన్ని చెక్కేది) నాది. దాని టేబుల్ లీనియర్ గైడ్ మీద నడుస్తుంది, అంటే ఒక స్టీలు పట్టా (రైలు), దాని మీద జారే, లోపల బాల్స్ ఉన్న బ్లాకులు. టేబుల్ మెల్లగా నడిపితే ఆగి ఆగి జర్క్ ఇచ్చేది, అల్యూమినియం మీద సన్నటి గీతలు పడేవి. మోటార్ కరెంట్ పెంచా, కప్లింగ్ (మోటార్‌ని స్క్రూకి కలిపేది) మార్చా, రైలు బోల్టులు మళ్ళీ బిగించా, ఏదీ పనిచేయలేదు.

కొత్త బ్లాకుల్లో చాలాసార్లు తుప్పు పట్టకుండా పూసిన నూనె మాత్రమే ఉంటుందండీ, గ్రీజు మనమే ఎక్కించాలి, ఇది నాకు ఎవరూ చెప్పలేదు. బ్లాకుని రైలు మీంచి తీయకండి, బాల్స్ రాలిపోవచ్చు. ముందు కిరసనాయిలు తడిపిన గుడ్డతో రైలు తుడిచి ఆరనిచ్చా. ఆటోనగర్‌లో 2 నంబర్ (గ్రీజు గట్టిదనం గ్రేడు) లిథియం గ్రీజు తెచ్చా, గ్రాఫైట్ కలిపింది వద్దు. 15 సైజు (15 మి.మీ. వెడల్పు రైలు) బ్లాకు నిపుల్‌కి, అంటే గ్రీజు ఎక్కించే చిన్న మూతికి, బండి గ్రీజు గన్ పట్టదు, సూది నాజిల్ కావాలి. కొంచెం ఎక్కించడం, టేబుల్‌ని చేత్తో ఈ చివర నుంచి ఆ చివరకి పదిసార్లు తిప్పడం, మళ్ళీ కొంచెం, ఇలా చేస్తుంటే సీలు అంచున ముందు గోధుమరంగు పల్చటి నూనె వచ్చింది, తర్వాత శుభ్రమైన గ్రీజు వెంట్రుకంత గీతలా కనిపించింది, అక్కడ ఆపేశా. పైన మిగిలింది తుడిచేయాలి, లేకపోతే చిప్స్ అంటుకుంటాయ్.

టేబుల్‌ని నడిపే బాల్ స్క్రూ (పొడవాటి మర కడ్డీ) మీది నట్‌కి నూనె రంధ్రంలో చిన్న గ్రబ్ స్క్రూ (తల లేని స్క్రూ) ఉంది, అది తీసి నిపుల్ పెట్టి అదే పద్ధతి. జర్క్ పోయింది.

అందరికీ ఇదే పనిచేస్తుందని చెప్పలేను. నట్‌ని టేబుల్ నుంచి విడదీసి, టేబుల్‌ని చేత్తో తోసినా పట్టేస్తుంటే, రైళ్ళు సమాంతరంగా లేవేమో ముందు చూడండి.